ఇచ్చంపల్లిలో పెద్ద డ్యాం కడితే కరెంటు వస్తుంది సరే, గోదావరి సంగతేంటి?

హన్మకొండ చౌరస్తా:

నమస్తే అందరికీ. మాది హన్మకొండ, అమ్మవాళ్ళ ఊరు మాత్రం మహదేవపూర్ దిక్కు, గోదావరి ఒడ్డునే. ఇచ్చంపల్లి పేరు పేపర్లో కనబడ్డప్పుడల్లా మా ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. మా బావ కరెంటు లైన్ల పనిలో ఉన్నాడు, ఆయన మాట ఒకటే: నీళ్ళతో తీసే కరెంటుకు పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు కొనే పని లేదు, గోదావరి నీళ్ళు ఏటా వేల టీఎంసీలు సముద్రంలో కలుస్తుంటే చూస్తూ కూర్చోవాలా అని. మేనమామ రైతు. వానాకాలం నీళ్ళు ఎగదన్ని ఇప్పటికే పత్తి చేను మునుగుతోంది, ఇంకో పెద్ద కట్ట వస్తే ఊరే ఉండదు అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్టే ఉంటుంది నాకు.

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. పెద్ద జలవిద్యుత్ డ్యాం పర్యావరణానికి బొగ్గు కంటే నిజంగా నయమేనా? ఇచ్చంపల్లి అసలు ప్లాన్ ఏంటి, ఎందుకు ఆగింది, ఇప్పుడు మాట్లాడుతున్నది అదేనా? ఇంకోటి, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు భూకంపం వచ్చినప్పుడు హన్మకొండలో మా ఇంట్లో గిన్నెలు కదిలాయి, అది గోదావరి మీద నిలిపిన నీళ్ళ వల్లేనని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. అందులో ఏమన్నా ఉందా? పార్టీల గొడవ మాత్రం తేకండి ప్లీజ్.

రిటైర్డ్ ఇరిగేషన్, కరీంనగర్:

తమ్ముడూ, పాత ఇచ్చంపల్లి వేరు, కొత్త ఇచ్చంపల్లి వేరు. ఈ ముక్క మీ బావకూ మేనమామకూ ముందు చెప్పు, సగం పంచాయితీ అక్కడే తెగుతుంది.

పాతది కరెంటు కోసం, సాగు కోసం అనుకున్న భారీ డ్యాం. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసిన చోటికి కొంచెం దిగువన, అప్పటి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర మూడూ కలిసి కట్టుకోవాలని 1978లో ఒప్పందం చేసుకున్నాయి. గోదావరి నీళ్ళ వాటాలు తేల్చిన 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పులోనూ అది ఉంది. నిండు నీటి మట్టం 112.77 మీటర్లు, కరెంటు 975 మెగావాట్లు. ఈ 112.77 అంటే ఎంతో తెలియాలంటే ఇప్పుడు ఉన్న బరాజ్‌ల పక్కన పెట్టి చూడాలి. మేడిగడ్డ నిండు మట్టం 100 మీటర్లు, దిగువన తుపాకులగూడెం సమ్మక్క బరాజ్‌ది 83. అంటే పాత ఇచ్చంపల్లి కట్టి ఉంటే మేడిగడ్డలో ఇప్పుడు నిలపాలనుకున్న నీళ్ళ మీద ఇంకో నలభై అడుగుల నీళ్ళు నిలిచేవి. గోదావరిలోకి, ప్రాణహితలోకి, ఇంద్రావతిలోకి మూడు దిక్కులా ఎగదన్నేవి. సిరొంచ, భోపాలపట్నం వైపు అడవి, గోండుల, మాడియాల గూడేలు, మన వైపు ఒడ్డు పొడవునా ఊళ్ళు ముంపులోకి పోయేవి. మూడు రాష్ట్రాల్లో ఎవరి ముంపు వాళ్ళకు ఎక్కువ అనిపించింది, ఎవరి వాటా వాళ్ళకు తక్కువ అనిపించింది. అది ముందుకు సాగలేదు.

ఆ చోటు మీద చూపు ఈనాటిది కాదు కూడా. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఎగువ గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, ఇచ్చంపల్లి దగ్గర కూడా పని మొదలుపెట్టి, 1871లో అంతా వదిలేసి పోయారు.

ఇప్పుడు జాతీయ జల అభివృద్ధి సంస్థ గోదావరి-కావేరి అనుసంధానంలో చెప్తున్న ఇచ్చంపల్లి ఎత్తు తక్కువ బరాజ్. ఛత్తీస్‌గఢ్ వాడుకోని వాటా నీళ్ళను నాగార్జునసాగర్ మీదుగా కావేరి దాకా తీసుకుపోవాలన్నది దాని ఉద్దేశం. దాన్ని కరెంటు ప్రాజెక్టు అనుకుని వాదించుకుంటే ఇద్దరూ గాలిలో కొట్లాడినట్టే.

ఇక మీ బావ మాట. టర్బైన్ వరకు చూస్తే ఆయన చెప్పింది కరెక్టే. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే లెక్క ప్రకారం 9.8 కిలోవాట్లు, యంత్రాల నష్టాలు పోను సుమారు ఎనిమిది. కాబట్టి కరెంటు కావాలంటే నీళ్ళన్నా ఎక్కువ ఉండాలి, ఎత్తన్నా ఉండాలి. శ్రీశైలంలో కృష్ణ నల్లమల కొండల మధ్య లోతైన లోయలో పోతుంది కాబట్టి ఎత్తు దొరికింది. గోదావరి మన దగ్గర వెడల్పుగా, వాలు తక్కువగా పారుతుంది. ఇక్కడ పది మీటర్ల ఎత్తు తేవాలన్నా నీళ్ళు కిలోమీటర్ల కొద్దీ పక్కలకు, వెనక్కి పరుచుకుంటాయి. తెలంగాణ జెన్‌కో జలవిద్యుత్ మొత్తం దాదాపు 2,440 మెగావాట్లయితే అందులో దాదాపు అంతా కృష్ణ మీదే ఉండడానికి ఇదీ ఒక కారణం. గోదావరి మీద ఇంత పెద్ద పోచంపాడుకు (శ్రీరాంసాగర్) ఉన్నది 36 మెగావాట్లు, అది కూడా కాలువకు నీళ్ళు వదిలినప్పుడే తిరుగుతుంది.

పైగా గోదావరికి వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం జూలై నుంచి అక్టోబర్ లోపే వస్తాయి. 975 అని రాసినంత మాత్రాన ఏడాదంతా 975 రావు. ఎండాకాలం, కరెంటు గిరాకీ మీద ఉన్నప్పుడు, నదిలో ఇసుక కనబడుతుంది.

జీవశాస్త్రం మేడం:

హన్మకొండ తమ్ముడూ, పొగ కనబడదు కాబట్టి నష్టం లేదనుకోవడం దగ్గరే చిక్కు ఉంది. నేను కాలేజీలో పర్యావరణం పాఠం చెప్తాను, ఏటా ఈ టాపిక్ వచ్చినప్పుడు పిల్లలు మీ బావ అన్న మాటే అంటారు.

రిజర్వాయర్ నింపేటప్పుడు చెట్లు, గడ్డి, మట్టిలోని సారం అన్నీ నీటి కిందకు పోతాయి. అడుగున గాలి ఆడదు, అక్కడ అవి కుళ్ళితే మీథేన్ వస్తుంది. నూరేళ్ళ లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే అది పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. మన లాంటి వేడి దేశాల్లో, లోతు తక్కువ ఉండి ఎక్కువ అడవిని ముంచిన రిజర్వాయర్లలో ఇది ఎక్కువ. బ్రెజిల్‌లో బల్బీనా అని ఒక డ్యాం ఉంది, అమెజాన్ అడవిలో రెండు వేల మూడు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ముంచి కట్టారు, దాని సామర్థ్యం 250 మెగావాట్లు. అంతే కరెంటుకు బొగ్గు ప్లాంటు విడిచే దానికంటే అది ఎక్కువ వేడి వాయువులు విడుస్తోందని తేలింది. అదే బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులో ఇటైపు సుమారు 1,350 చదరపు కిలోమీటర్లు ముంచి 14,000 మెగావాట్లు ఇస్తోంది. రెండూ పెద్ద డ్యాంలే, రెండూ నీళ్ళ కరెంటే. కాబట్టి జలవిద్యుత్ మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఎక్కడ కడుతున్నారు, ఒక్కో మెగావాటుకు ఎంత నేల, ఎలాంటి నేల ముంచుతున్నారు అని అడగాలి. పైన సార్ చెప్పిన వాలు సంగతి ఇందుకే ముఖ్యం. మన దగ్గర గోదావరి మీద పెద్ద రిజర్వాయర్ అంటే బల్బీనా వైపు జరిగినట్టు, ఇటైపు వైపు కాదు.

తర్వాత ఒండ్రు. నది మోసుకొచ్చే మట్టి డ్యాం దగ్గర ఆగిపోతుంది. పోచంపాడు కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, తర్వాత సర్వేల్లో 90కి వచ్చింది, ఇప్పుడు 80 దరిదాపుల్లో ఉంది. మనకు అది నిల్వ తగ్గడం, డెల్టాకు అది మట్టి అందకపోవడం. గోదావరి, కృష్ణ డెల్టాలు ఆ ఒండ్రుతోనే ఏర్పడ్డాయి, పైన డ్యాంలు పెరిగిన కొద్దీ సముద్రానికి చేరే మట్టి బాగా తగ్గింది, తీరం కోతకు అది పెద్ద కారణాల్లో ఒకటి. మన వైపు మంగపేట, వాజేడు లంకల్లో, ఒడ్డు చేలల్లో మిర్చి అంత బాగా కాస్తుందంటే వరద తెచ్చి పరిచే ఒండ్రు వల్లే కదా. వరద ఆగితే మేలే అనుకుంటాం, వరదతో వచ్చే సారం కూడా ఆగుతుంది.

చేపల సంగతి వేరే చెప్పాలి. గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురు పోయే చేపలకు కట్ట అడ్డం పడితే ఆ జాతి ఆ పై నదిలో ఉండదు. పులస సముద్రం నుంచి వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది, మన దాకా రాదు. కట్ట పైన నిలిచిన నీళ్ళలో బొచ్చె, రవ్వ పిల్లలు వదిలి పెంచుకోవచ్చు, సొసైటీలకు ఆదాయం కూడా వస్తుంది, కాదనను. కానీ పారే నీళ్ళలో బతికే రకాలు పోయిన లెక్క ఆ రిజిస్టర్‌లో ఎక్కదు. మంథని దగ్గర శివారం అభయారణ్యం ఉంది, గోదావరి మడుగుల్లో మొసళ్ళ కోసమే 1978లో పెట్టారు. మొసలి ఒడ్డున ఇసుకలో, మట్టిలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. నీటి మట్టం రోజుకోలా పెరిగి తగ్గే చోట ఆ గూడు నిలవదు. కరెంటు డ్యాంల దిగువన సరిగ్గా ఇదే జరుగుతుంది, గిరాకీ ఉన్న సాయంత్రం టర్బైన్లు తిప్పుతారు, నదిలో ఒక్కసారి నీళ్ళు పెరుగుతాయి, రాత్రికి ఆపేస్తారు, ఒడ్డు మళ్ళీ బయటపడుతుంది.

పాత ఇచ్చంపల్లి ముంపులో పడేది ఇంద్రావతి లోయ. మధ్య భారతంలో అడవి దున్నలు మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి, అక్కడే పులుల అభయారణ్యం కూడా. 1980ల మొదట్లో సంఘసేవకుడు బాబా ఆమ్టే ఇచ్చంపల్లినీ, ఇంద్రావతి మీద భోపాలపట్నం ప్రాజెక్టునూ కలిపి వ్యతిరేకించారు. అడవినీ మనిషినీ రెంటినీ కాపాడాలన్నది ఆయన పోరాటం. కేరళలో సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ ప్రాజెక్టును కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1983లో వదిలేశారు.

నందిపేట శిఖం:

మేడం చెప్పినవి చదివాక నాకూ రాయాలనిపించింది. మాది పోచంపాడు ముంపు కుటుంబం. నెహ్రూ గారు 1963 జూలైలో శంకుస్థాపన చేసినప్పుడు మా తాత వెళ్ళి చూసి వచ్చాడట, అందరితో పాటు సంతోషంగానే. తర్వాత మా ఊరు లేచింది. పాత ఊరు నీళ్ళలో, కొత్త ఊరు గట్టు మీద, పేరు అదే.

ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గిన ఏడు అక్కడికి నడిచి పోవచ్చు. పైన అరచేయి మందాన పెళ్ళలు పెళ్ళలుగా పగిలిన నల్ల ఒండ్రు, కాలు వేస్తే కింద ఇంకా మెత్తగా దిగుతుంది. దాని మధ్యలో ఇంటి పునాది రాళ్ళు వరుసగా కనబడతాయి, ఒక చోట చేదబావి గిలక స్తంభాలు రెండు, ఒక చోట హనుమాండ్ల గుడి గద్దె. మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళు ఇది మన వాకిలి, ఇది ఫలానా వాళ్ళ కొట్టం అని వేలు పెట్టి చూపించేది. ఆమె పోయాక మాకు అవన్నీ రాళ్ళే, ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.

నీళ్ళు దిగిన శిఖంలో మావాళ్ళు పంట వేస్తారు. ఒండ్రు కదా, ఎరువు పెద్దగా అడగదు. కానీ ఆ భూమికి పట్టా లేదు, లోను లేదు, ఇన్సూరెన్స్ లేదు, పైన వాన పడి తొందరగా నీళ్ళు వస్తే కోతకు ముందే మునుగుతుంది. అది ఒకప్పుడు మా పట్టా భూమే. అప్పుడు ఇచ్చిన పరిహారం ఎకరానికి ఇంత అని కట్టారు, ఆ డబ్బుతో గట్టు మీద అంత మంచి భూమి ఎక్కడా రాలేదు. భూమి లేని కూలోళ్ళకు, చాకలి, మంగలి, కుమ్మరి ఇండ్లకు ఏమీ రాలేదు, ఎందుకంటే వాళ్ళ పేరు మీద మునిగింది ఏమీ లేదని రాసుకున్నారు. ఊరితో బతికేవాడికి ఊరే ఆస్తి, అది ఏ కాలమ్‌లో రాయాలో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. మా నాన్న కొన్నేళ్ళు ఆ కాగితాలు పట్టుకుని తిరిగాడు.

వరంగల్ వాళ్ళు తప్పుగా అనుకోవద్దు. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పోయి మీ చేలకు చేరిందంటే మాకు సంతోషమే, కరువు మేమూ చూశాం. నేను డ్యాంలు వద్దనేవాణ్ణి కాదు. బ్యాక్ వాటర్ ఒడ్డున చలికాలం ఇప్పుడు రాజహంసలు వస్తాయి, కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి, ఫొటోలు తీసుకునేవాళ్ళు నిజామాబాద్ నుంచి, హైదరాబాద్ నుంచి వస్తారు, చూస్తే నాకూ మనసు నిండుతుంది. నాకున్న బాధల్లా ఒకటే. నీళ్ళు ఎవరికి అందాయో ఎకరాల్లో లెక్క ఉంది. కరెంటుకు మెగావాట్ల లెక్క ఉంది. లేచిపోయిన ఊళ్ళల్లో మూడు తరాల తర్వాత ఎవరు ఎక్కడున్నారో ఒక్కసారన్నా ఎవరన్నా వచ్చి అడిగారా? దుబాయి, మస్కట్‌కు మా వైపు నుంచి అంతమంది ఎందుకు పోయారో అందులో ఇదీ ఒక ముక్క.

హన్మకొండ చౌరస్తా:

అన్నా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేడం, మెగావాటుకు ఎంత నేల అన్న లెక్క బావకు పంపాను. ఆయన వెంటనే తిరిగి పంపింది ఇది: అయితే బొగ్గే తగలబెడదామా, చెల్పూరు థర్మల్ ప్లాంటు చుట్టుపక్కల ఊళ్ళ సంగతి ఎవరు రాస్తారు అని. దీనికేమంటారు? భూకంపం గురించి కూడా ఎవరన్నా చెప్పండి.

కంట్రోల్ రూం:

మీ బావ అడిగింది న్యాయమైన ప్రశ్న, దాన్ని తోసేయొద్దు. నేను పవర్ సిస్టమ్‌లో పనిచేస్తాను, షిఫ్ట్ డ్యూటీ. చెల్పూరు కాకతీయ థర్మల్ 1,100 మెగావాట్లు, పాత ఇచ్చంపల్లి కంటే కొంచెం ఎక్కువే. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది, మూడు లారీల బొగ్గు కాలిస్తే దాదాపు ఒక లారీ బూడిద మిగులుతుంది, దాన్ని ఎక్కడో పోయాలి. బొగ్గు తీయడానికి ఓపెన్ కాస్ట్ గనుల కింద పోయే ఊళ్ళు కూడా ముంపు ఊళ్ళలాంటివే, అక్కడ నీళ్ళకు బదులు మట్టి గుట్టలు. కాబట్టి డ్యాం నష్టం చెప్పేవాళ్ళు బొగ్గు నష్టం కూడా పక్కనే రాయాలి.

నీళ్ళ కరెంటుకు ఉన్న అసలు విలువ యూనిట్ల సంఖ్యలో లేదు. థర్మల్ యూనిట్ చల్లారి ఉంటే మళ్ళీ లైన్‌లోకి రావడానికి గంటలు పడుతుంది, హైడల్ నిమిషాల్లో వస్తుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య సోలార్ మొత్తం పడిపోతుంది, అదే టైంలో ఇళ్ళల్లో లైట్లు, మోటార్లు, ఏసీలు అన్నీ ఆన్ అవుతాయి. ఆ గంట ఎంత టెన్షన్‌గా ఉంటుందో మా సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. అప్పుడు శ్రీశైలం, సాగర్ మెషిన్లు చేతిలో ఉంటే ఊపిరి ఆడుతుంది.

కానీ దానికి కొత్త నదిని ముంచనక్కర్లేదు అన్నది నా అభిప్రాయం. శ్రీశైలం ఎడమ గట్టున ఆరు 150 మెగావాట్ల మెషిన్లు రివర్స్‌లో కూడా తిరుగుతాయి, కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళను పైకి తోడి గిరాకీ ఉన్నప్పుడు మళ్ళీ దింపొచ్చు. సాగర్‌లో కూడా అలాంటివి ఉన్నాయి. ఉన్న రిజర్వాయర్ల మధ్య ఇలాంటివి పెంచుకోవచ్చు. ఎన్టీపీసీ రామగుండంలో 2022లో రిజర్వాయర్ నీళ్ళ మీదే 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టింది, ఎవరి చేనూ పోలేదు, కింద నీరు ఆవిరవడం కూడా తగ్గుతుంది. పోచంపాడు, మానేరు, ఎల్లంపల్లి ఇన్ని చోట్ల ఇంత నీటి పరుపు ఉంది. చేపలవాళ్ళతో మాట్లాడి, పక్షులు దిగే చోట్లు వదిలేసి, మిగతా దాంట్లో ఎంత వేయొచ్చో ముందు తేల్చాలి. బావగారికి నా మాటగా ఇది చెప్పండి: ఇచ్చంపల్లికీ చెల్పూరుకూ మధ్య ఒకటి ఎంచుకోమని మనల్ని ఎవరూ బలవంతం చేయలేదు.

రిటైర్డ్ ఇరిగేషన్, కరీంనగర్:

భూకంపం మాట అడిగావు కాబట్టి చెప్తున్నా. పెద్ద రిజర్వాయర్ భూకంపాన్ని ప్రేరేపించడం ఉత్త పుకారు కాదు, మన దేశంలోనే అందరూ చదివే ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలో కోయినా, అది కూడా జలవిద్యుత్ డ్యామే. నింపిన కొన్నేళ్ళకు 1967 డిసెంబర్ 11న 6 దాటిన తీవ్రతతో వచ్చింది, నూటికి పైగా జనం పోయారు. నీటి బరువు, పగుళ్ళలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి అప్పటికే బిగుసుకుని ఉన్న భ్రంశాన్ని, అంటే భూమి లోపలి పగులును, కదిలిస్తాయి.

కానీ ములుగుది అలాంటిదే అనడానికి ఆధారం లేదు. అది 5.3 తీవ్రత, లోతు సుమారు 40 కిలోమీటర్లుగా నమోదైంది. రిజర్వాయర్ వల్ల వచ్చేవి మామూలుగా ఇంతకంటే చాలా పైన, జలాశయం దగ్గరలోనే పుడతాయి. పైగా ఇప్పటి బరాజ్‌లు ఏవీ లేని 1969 ఏప్రిల్‌లోనే భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. గోదావరి లోయ కిందే పాత పగుళ్ళు ఉన్నాయి, అది భూమి గుణం. దీన్నుంచి తీసుకోవాల్సింది ఏంటంటే, ఇలాంటి లోయలో ఎత్తయిన డ్యాం ప్రతిపాదిస్తే భూకంప అధ్యయనం అన్నిటికంటే ముందు జరగాలి. పునాది సంగతి తేలికగా తీసుకుంటే ఏమవుతుందో భూకంపం లేకుండానే 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు చూశాం.

ఏజెన్సీ గొంతు, ఏటూరునాగారం:

అందరూ మంచి విషయాలు చెప్పారు. నేను చెప్పేది మీ మేనమామకు పనికొచ్చేది. కొత్త బరాజ్ అయినా, ఇంకేదైనా, కాగితాలు కదిలినప్పుడు ఊరు ఏం అడగాలో ముందే తెలిసి ఉండాలి, తర్వాత తెలిసి లాభం లేదు.

పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. ఆ సారాంశం తెచ్చుకుని చదవండి. అందులో నిండు మట్టం దగ్గర ముంపు ఎంతో రాసి ఉంటుంది. మీరు అడగాల్సింది అది ఒక్కటే కాదు. పెద్ద వరద వచ్చిన రోజు ఆ కట్ట వల్ల మా ఊరి దగ్గర నీళ్ళు ఎంత ఎత్తుకు ఎగదన్నుతాయి అని అడగండి, ఎందుకంటే నిండు మట్టం గీత వేరు, వరద రోజు గీత వేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, 1986లో 75.6. ఆ స్థాయి వరదకు లెక్క వేశారా, వేస్తే గ్రామం వారీగా ఎత్తులు చూపించమనండి. ఊళ్ళో పాత వరద ఎక్కడి దాకా వచ్చిందో పెద్దమనుషులు గోడ మీద, చెట్టు మీద చూపిస్తారు కదా, ఆ గుర్తులు ఫొటో తీసి పెట్టుకోండి, తేదీతో.

పోలవరం బ్యాక్ వాటర్ మీద భద్రాచలం దగ్గర ఇప్పటికీ గొడవ నడుస్తోందంటే ఈ ఎగదన్నే లెక్క మీదే. ముంపు కోసమే 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అక్కడి కోయ, కొండరెడ్డి గూడేల నుంచి లేచినవాళ్ళు కొత్త కాలనీలో పక్కా ఇల్లు ఉంది గానీ ఇప్పపువ్వు లేదు, తునికాకు లేదు, మేకలను ఎక్కడ తోలాలి అని అడుగుతున్నారు. అడవి మీద బతికేవాళ్ళకు చదరపు అడుగుల్లో లెక్క కట్టి ఇల్లు ఇస్తే సగం బతుకు కూడా తిరిగి రాదు.

ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం) ఉంటే అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఉంది, 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఉంది, భూమి తీసుకునే ముందు గ్రామసభ సమ్మతి కావాలి. మహదేవపూర్ వైపు అన్ని ఊళ్ళూ షెడ్యూల్డ్ కిందకు రావు, మీ ఊరు వస్తుందో రాదో ముందు కనుక్కోండి. పోడు చేసుకునేవాళ్ళుంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు ఇప్పుడే తెచ్చుకోమనండి, పట్టా లేనివాడి పేరు ముంపు జాబితాలో ఎక్కడం ఎంత కష్టమో నందిపేట అన్న పైన రాశాడు. కూలీలు, చేపలు పట్టేవాళ్ళు, ఇతర వృత్తులవాళ్ళ పేర్లతో గ్రామసభలోనే ఒక జాబితా రాసి తీర్మానం చేయించి, నకలు తీసి ఊళ్ళో ఇద్దరు ముగ్గురి దగ్గర పెట్టండి.

నదిలో ఎప్పుడూ వదలాల్సిన నీటి గురించి కూడా అడగండి. ఎండాకాలపు సగటు ప్రవాహంలో కనీసం 15 నుంచి 20 శాతం నదిలో పారాలని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. అది ఎవరు కొలుస్తారు, ఆ లెక్క ఎక్కడ పెడతారు, రాత్రిపూట గేట్లు ఎత్తితే దిగువన ఇసుకలో పడుకున్న చేపలవాళ్ళకు సైరన్ వినపడేంత దూరంలో ఉంటుందా లేదా. మా దగ్గర దోసతోటల కాపలాకు నదిలోనే గుడిసె వేసుకుంటారు, వాళ్ళ కోసం అడుగుతున్నా.

హన్మకొండ చౌరస్తా:

చాలా థ్యాంక్స్ అందరికీ. ఊరు షెడ్యూల్డ్‌లో ఉందో లేదో రేపే కనుక్కుంటాను. వరద గుర్తుల మాట మామయ్యకు ఫోన్‌లో చెప్తే, 1986 నీళ్ళు పాత బడి గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో తనకు తెలుసు, ఆ గోడ పడగొట్టేలోపు కొలత తీద్దాం అన్నాడు. ఇరిగేషన్ సార్, ఆ గుర్తు సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్లో తెలుసుకోవాలంటే మామూలు సర్వేయర్ చేయగలడా?

రిటైర్డ్ ఇరిగేషన్, కరీంనగర్:

చేయగలడు తమ్ముడూ. దగ్గర్లో బెంచ్ మార్కు రాయి ఎక్కడుందో ముందు వెతకాలి, పెద్ద వంతెనల దగ్గర, రైల్వే స్టేషన్లలో ఉంటుంది. అక్కడి నుంచి లెవెల్ మెషిన్‌తో మీ బడి గోడ దాకా తీసుకురావాలి. దూరం ఎక్కువైతే ఒక రోజు పని. మీ మామయ్య ఫోన్ నంబర్ నాకు మెసేజ్ చెయ్యి, నా దగ్గర పాత మెషిన్ ఉంది, వానలు మొదలవకముందే వస్తాను.